ఊరి నోరు మారకుండా లోపలి నోరు మారుతుందా?

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. ఈ సామెత చెప్పినోళ్ళు ఊళ్ళో ఉండేవాళ్ళు. వాడలో ఉండేవాళ్ళకి ఇది ఏనాడూ పని చెయ్యలేదు. మా తాతలు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, "అయ్యా", "దొరా", "తమరి దయ" అని ఎంత మెత్తగా మాట్లాడినా ఊరు మంచిదవ్వలేదు. నోరు ఎంత మెత్తబడితే కూలి అంత తగ్గింది.

ఇప్పుడు ఆ సామెతే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మన పిల్లల ఫోన్లలోకి దిగింది. ఈసారి ఊరితో మంచిగా మాట్లాడమని కూడా అడగడం లేదు. నీతో నువ్వు మంచిగా మాట్లాడుకో, చాలు, జీవితం మారిపోతుంది అంటోంది. సెల్ఫ్ టాక్, పాజిటివ్ అఫర్మేషన్స్, మిర్రర్ వర్క్. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి నేను గొప్పదాన్ని, నేను అర్హురాలిని, నాకు అన్నీ దొరుకుతున్నాయి అని పదిసార్లు చెప్పుకోవాలట.

ముందే ఒక మాట అనేస్తాను, లేకపోతే సగం చదివి తిట్టడానికి వస్తారు. మనిషి తనతో తాను దయగా మాట్లాడుకోవడం మంచిది. మన పిల్లలకి అందరికంటే ఎక్కువ అవసరం కూడా. నా పేచీ ఆ దయను ఇలా సీసాల్లో పోసి అమ్మేవాళ్ళతో. అంతకంటే కొంచెం ఎక్కువ పేచీ, దయ అనే మాట వినపడగానే మూతి తిప్పే మన సొంత మిత్రులతో. వాళ్ళ సంగతికి తర్వాత వస్తా.

పోయిన సెమిస్టర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో వెల్‌నెస్ డే అని పెట్టారు. ఏ కాలేజీ అని అడక్కండి, ఇప్పుడు అన్ని కాలేజీల్లో ఇదే నడుస్తోంది. సిటీ నుంచి ట్రైనర్ వచ్చాడు. సెమినార్ హాల్లో లైట్లు తగ్గించి, వేణువు పాట పెట్టి, పిల్లలందరికీ తలా రెండు పసుపు రంగు చీటీలు పంచాడు. మొదటి చీటీ మీద మీకు మీరు రోజూ చెప్పుకునే చెడ్డమాట రాయండి, రెండోదాని మీద మంచిమాట రాయండి. మొదటిది చింపేయండి. రెండోది మీ గదిలో అద్దానికి అంటించుకోండి. మా పిల్లల్లో సగం మంది ఉండే హాస్టల్లో కుళాయిల దగ్గర ఒకటే అద్దం ఉంది, ఒక మూల పగిలింది. అరవై మంది పొద్దున్నే దాని ముందు జడలేసుకోవాలి. ఎవరి చీటీ అంటించాలి?

చింపేముందు ఒకరిద్దరిని చదివి వినిపించమన్నాడు. బీఎస్సీ అమ్మాయి ఒకతి, క్లాసులో పెదవి విప్పని పిల్ల, లేచి చదివింది. "నీకెందుకే ఈ చదువు." ట్రైనర్ సంతోషించాడు. చూశారా, మనకి మనమే ఎంత హాని చేసుకుంటామో అన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. "సార్, ఇది నేను అనుకున్నది కాదు. ఇంటర్‌లో మా లెక్కల సారు అన్నది" అంది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "అలా ఇతరుల మీదకి నెట్టకూడదమ్మా. మన ఆలోచనలకి మనదే బాధ్యత" అన్నాడు. పిల్ల కూర్చుంది. చీటీ చింపింది.

ఆ రోజు ఆ హాల్లో నిజమైన మాట ఏదైనా పలికిందంటే అది ఆ పిల్ల చెప్పిందే. అది నవ్వులపాలైంది.

నేను తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఆ వాక్యాన్ని వ్యాకరణంగా చూస్తాను. "నీకెందుకే" అన్నది మధ్యమ పురుష, ఏకవచనం, చివర ఆడపిల్లని తక్కువ చేసి పిలిచే "ఏ". మనిషి తనంతట తాను అనుకుంటే "నాకెందుకు ఈ చదువు" అనుకుంటుంది. "నీకెందుకే" అని వినపడుతోందంటే ఆ మాట బయట ఎవరి నోట్లోంచో పడి, లోపలికొచ్చి, నీ గొంతు అరువు తీసుకుందన్నమాట. తర్వాత నా క్లాసులో పేర్లు రాయకుండా ఇదే రాసిమ్మన్నాను. కాగితాలు విప్పుతుంటే "నేను" కనపడింది తక్కువ. "ఒరే", "ఏమే", "నువ్వు", "మీ వాళ్ళు". రిజర్వేషన్‌లో వచ్చినోడివి నీకేం అర్థమవుద్ది. నోరు మూసుకో, నీ ఇంగ్లీషు విని నవ్వుతారు. మీకేమమ్మా ప్రభుత్వ అల్లుళ్ళు. ఎంత చదివినా రేపు మిరపకోతకి పోవాల్సిందేగా. వీటిలో ఏ ఒక్కటైనా పిల్ల తల్లి కడుపులోంచి తెచ్చుకుందా? హాస్టల్లో చేరిన మొదటి వారం "ర్యాంకెంత?" అని అడుగుతారు, ర్యాంకు కోసం కాదు. "ఇంటిపేరేంటి?" అంటారు, పేరు కోసం కాదు. "మీరు ఏమిట్లు?" అని సూటిగా అడిగే పాతకాలపు ముసలమ్మే నయం, దొంగచాటు ఉండదు.

నలుగురిలో కులం పేరుతో తిడితే నేరమని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ చట్టం కోసం ఎంత నెత్తురు కారిందో మనకి తెలుసు. అదే తిట్టు మనిషి లోపల పదేళ్ళపాటు రోజూ వినపడుతుంటే దానికి సెక్షన్ లేదు, సాక్షి లేడు, పైగా ముద్దాయి నువ్వేనని ట్రైనర్ వచ్చి తీర్పు చెప్పిపోతాడు.

ఈ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కాస్త చూద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లోని నాన్సీ ఊళ్ళో ఎమిల్ కూయే అనే మందుల షాపాయన ఉండేవాడు. తాను బాగవుతున్నానని రోజూ పొద్దున, రాత్రి ఇరవైసార్లు అనుకుంటే ఒళ్ళు బాగవుతుందని చెప్పాడు. లెక్క తప్పకుండా ఇరవై ముళ్ళు వేసిన తాడు పట్టుకోమన్నాడు. జపమాలే, పేరు వేరు. 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అనే పాస్టరు సానుకూల ఆలోచన శక్తి గురించి రాసి లక్షల కాపీలు అమ్మాడు. 1984లో లూయిస్ హే వచ్చి అద్దం ముందు నిలబెట్టింది. 2006లో రోండా బైర్న్ 'ది సీక్రెట్' వచ్చాక ఇక మాట కూడా అక్కర్లేదు, కోరుకుంటే విశ్వం పంపిస్తుంది. విశ్వానికి వేరే పని లేనట్టు.

మన దగ్గర బస్టాండు పుస్తకాల బంకుల్లో వ్యక్తిత్వ వికాసం వరసగా పేర్చి ఉండేది. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' నేను ఇంటర్‌లో చదివాను, చాలామంది చదివే ఉంటారు. అందులో నాకు పనికొచ్చిన మాటలు ఉన్నాయి, దాచుకోను. అయితే మెట్లు అనగానే నాకింకొకరు గుర్తొస్తారు. 1920లో 'మూక్‌నాయక్' మొదటి సంచికలో అంబేద్కర్ హిందూ సమాజాన్ని అంతస్తులున్నా మెట్లు లేని మేడతో పోల్చాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. మెట్లే కట్టని మేడలో ఐదు మెట్లు ఎక్కమంటే పిల్ల గోడకేసి కొట్టుకుంటుంది. కొట్టుకుని, తప్పు తన కాళ్ళదే అనుకుంటుంది. అద్దం బోధలో విషం అక్కడుంది. గెలిస్తే మంత్రం గొప్పది, ఓడితే నువ్వు సరిగ్గా జపించలేదు.

ఇక ఆ అనువాదాలు! "ఐ యామ్ ఎనఫ్" అన్నదాన్ని "నేను చాలు" అని రాసిన చీటీలు చూశాను. తెలుగులో "చాలు" ఎవరంటారు? విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు వడ్డించేవాళ్ళతో అంటారు. కడుపు నిండినవాళ్ళ మాట అది. "నేను సరిపోతాను" అంటే ఇంకా ఘోరం, నట్టుకి బోల్టు కొలత చెప్పినట్టు ఉంటుంది. మన నోటికి అతకని మాటను మన మనసు ఎట్లా నమ్ముద్ది?

నమ్మదు అని పరిశోధన కూడా చెప్తోంది. 2009లో కెనడాలో జోన్ వుడ్, ఇంకో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తాను ప్రేమకి తగిన మనిషినని మళ్ళీ మళ్ళీ చెప్పుకోమన్నారు. ముందే తన మీద తనకి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కొంచెం హాయి అనిపించింది. తన మీద తనకి చిన్నచూపు ఉన్నవాళ్ళకి, ఆ మాట అసలు చెప్పుకోని వాళ్ళకంటే ఎక్కువ బాధ కలిగింది. అంటే మందు అవసరం లేనివాడికి పనిచేసి, అవసరమున్నవాడికి వికటించింది. కారణం ఊహించడం కష్టం కాదు. నేను గొప్పదాన్ని అని అనగానే లోపలి నుంచి లెక్కల సారు లేచి, ఏదీ, ఎక్కడ గొప్ప, మార్కుల లిస్టు తియ్యి అంటాడు. అదే ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది, ట్రైనర్లు చెప్పనిది. ఆ మాట నిజమైన సందర్భాలు, కాని సందర్భాలు రెండూ తలుచుకోవచ్చు అని వదిలేసినప్పుడు, చిన్నచూపు ఉన్నవాళ్ళకి కాస్త నయంగా ఉంది. మనసు అబద్ధం ఒప్పుకోదు, బేరం ఒప్పుకుంటుంది.

ఇంకొకటి మన దేశంలోది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికశాస్త్ర పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు వందలకు పైగా మగపిల్లలకి కాగితం మీద దారి వెతికే పజిల్స్ ఇచ్చారు. సగం మంది పై కులాలు, సగం మంది కింది కులాలు. 2006లో అచ్చయింది. ఎవరి కులమూ పైకి చెప్పనప్పుడు ఇద్దరూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరిలో పేరూ కులమూ చదివి వినిపించాక, కింది కులాల పిల్లలు పూర్తి చేసిన పజిల్స్ తగ్గిపోయాయి. అదే పిల్లోడు, అదే బుర్ర, అదే పెన్సిలు. మధ్యలో మారింది గదిలో పలికిన ఒక మాట. వాడి సెల్ఫ్ టాక్ బాగుచెయ్యడానికి ఎన్ని అద్దాలు కావాలి? ఆ మాట చదివినవాడి నోరు ఒక్కటి మూస్తే సరిపోయేది.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి.

ఆ వెల్‌నెస్ డే గురించి మా సర్కిల్లో చెప్తే ఒక సీనియర్ మిత్రుడు నవ్వి, "ఇవన్నీ మార్కెట్ మాయలమ్మా, వ్యవస్థ మారితే మనసులు అవే బాగవుతాయి" అన్నారు. ఇంకో తమ్ముడు, "మన పిల్లలకి కావాల్సింది కోపం, జోలపాట కాదు" అన్నాడు. వినడానికి రెండూ బాగానే ఉన్నాయి. అయితే అన్నా, వ్యవస్థ మారేదాకా ఈ పిల్ల రాత్రి పన్నెండింటికి ఏం చెయ్యాలి? హాస్టల్ టెర్రస్ మీద ఒంటరిగా కూర్చుని లోపలి గొంతు వింటున్నప్పుడు ఆమెకి ఏ పాంప్లెట్ పంపిస్తావు?

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు విద్యార్థులు క్యాంపస్‌లో గుడారం వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. తెలుగు సాహిత్యం చదివినదాన్నిగా చెప్తున్నా, ఆ ఒక్క పేరు వెయ్యి వ్యాసాల పెట్టు. తమకి జరిగినదాన్ని తమ భాషలో, అందరికీ కనపడేలా, బోర్డు మీద రాశారు. అయినా ఆ నెల 17న రోహిత్ మనకి దక్కలేదు. నినాదం ఉంది, గుంపు ఉంది, కోపం ఉంది, సిద్ధాంతం ఉంది. వాటి మధ్యన ఒక మనిషి లోపల ఏం నడుస్తోందో అడిగే తీరిక మన ఉద్యమాలకి ఎంత ఉంది? ఈ ప్రశ్న మనల్ని మనం అడగాలి. పదేళ్ళుగా నేను అడుగుతూనే ఉన్నాను, జవాబుగా మీటింగుకి రమ్మంటున్నారు.

దయ మనకి పరాయిది అనుకునేవాళ్ళు మన అమ్మల్ని వినలేదు. మా అమ్మ మిరపకోతలకి పోయేది. సాలుకీ సాలుకీ మధ్య వంగిన నడుం ఎత్తలేక నిలబడి, మోకాలి చిప్ప మీద చెయ్యేసి దాంతో మాట్లాడేది. "ఓర్చుకో తల్లీ, ఈ ఒక్క సాలు. సాయంత్రం కాపడం పెడతా." మోకాలిని తల్లీ అని పిలిచేది. ఊళ్ళో ఎవరూ మా అమ్మని తల్లీ అనలేదు. గట్టు మీద నిలబడ్డ రైతు "ఒసే" అంటుంటే, ఆమె తన మోకాలిని "తల్లీ" అంటోంది. నువ్వు గొప్పదానివి, నీకు నొప్పి లేదు అని మోకాలికి అబద్ధం చెప్పలేదు చూడండి. నొప్పి ఉందని ఒప్పుకుంది, ఎంతసేపో చెప్పింది, సాయంత్రం ఏం చేస్తుందో మాటిచ్చింది. ఇంటికొచ్చాక నిజంగానే ఇటుకరాయి వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకునేది. ఇచ్చిన మాట నిలబెట్టుకునేది. అద్దం ముందు చెప్పుకునే మంత్రానికీ దీనికీ ఉన్న తేడా నాకు ఆ ఇటుకరాయిలో కనపడుతుంది.

పరిశోధకులు అమ్మని చూడలేదు గానీ దగ్గరి దగ్గరికి వచ్చారు. 2014లో ఈథన్ క్రాస్, ఆయన తోటి పరిశోధకులు, భయపెట్టే పని ముందు మనిషి "నేను" అని కాకుండా తన పేరుతో తనని పిలుచుకుని మాట్లాడుకుంటే కంగారు తగ్గి పని మెరుగ్గా చేస్తున్నట్టు చూపించారు. బయటివాడిలా నిలబడి తనతో మాట్లాడుకోవడం అన్నమాట. మంచిదే. అయితే తెలుగులో అక్కడొక చిక్కుంది. బయటివాడు మనల్ని ఏమని పిలిచాడు? మా వాడలో మగాళ్ళందరి పేర్ల చివరా "గాడు" ఉండేది, ఆడవాళ్ళ పేర్లు సగానికి తెగేవి. డెబ్బై ఏళ్ళ ముసలాయన్ని పదేళ్ళ పిల్లోడు పేరు పెట్టి ఏకవచనంలో పిలిచేవాడు. పేరుతో పిలుచుకో అంటే ముందు ఏ పేరుతో అన్నది తేలాలి.

ఆ సంగతి మన పెద్దలు మనస్తత్వశాస్త్రం కంటే ముందే పట్టుకున్నారు. 1917 నవంబర్‌లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ అని పిలుచుకున్న సభ, ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. నాలుగు వర్ణాల లెక్కలో బయట పడేసిన ఐదోవాళ్ళం అన్న మాటను నిన్నటిదాకా మోసినవాళ్ళు, ఈ నేల మీద మొదటివాళ్ళం మేమే అన్నారు. తర్వాత ఆ పేరు ప్రభుత్వ కాగితాల్లోకీ ఎక్కింది. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడి, కులం ఆనవాలు పట్టించే చీరకట్టు, నగలు వదిలెయ్యమన్నాడు. పేరు, కట్టు, నడక. ఒంటరిగా అద్దంలో చూసుకుని మార్చుకున్నవి కావు. వేలమంది మధ్య, ఒకరినొకరు చూసుకుంటూ మార్చుకున్నవి.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. వర్గీకరణ మీద మీకూ నాకూ ఏ అభిప్రాయమున్నా ఉండనీండి, ఇవాళ నేను మాట్లాడుతోంది ఒక్క విషయం గురించే. అప్పటిదాకా తిట్టుగా వాడిన పదాన్ని మనుషులు తమ పేరు చివర బిరుదులాగా తగిలించుకున్నారు. మా చిన్నాన్న టీ బంకు దగ్గర, వేరే గ్లాసు ఇవ్వబోతున్నవాడి ముందు, తన పేరు చివర మాదిగ చేర్చి గట్టిగా చెప్పి, అందరి గ్లాసులోనే టీ పొయ్యమన్నాడు. ఇంటికొచ్చాక చెయ్యి వణికిందని మా పిన్నితో చెప్పాడట. వణికినా చెప్పాడు. పక్కన నలుగురున్నారు కాబట్టి చెప్పగలిగాడు.

పాత నాటకాల్లో పాత్ర మాటల పక్కన బ్రాకెట్లో "స్వగతం" అనీ "ప్రకాశం" అనీ రాసేవాళ్ళు. స్వగతం అంటే పాత్ర తనలో తాను అనుకునేది, రంగం మీద పక్కనున్నవాళ్ళకి వినపడనట్టు. ప్రకాశం అంటే అందరికీ వినపడేలా అనేది. మన జాతి స్వగతం ఎప్పుడు బాగుపడిందో చూస్తే, అది ప్రకాశం అయిన చోటే బాగుపడింది. ఈ ట్రైనర్లు మళ్ళీ మనల్ని స్వగతంలోకి తోస్తున్నారు. బాత్రూమ్ తలుపేసుకుని, నీ బాధ నువ్వే తుడుచుకో, బయట వినపడనియ్యకు అంటున్నారు.

అందుకని మేం హాస్టల్ వరండాలో ఆదివారం సాయంత్రం కూర్చుంటున్నాం, ఏడెనిమిది మందిమి. పేరూ బ్యానరూ ఏం లేవు. వార్డెనమ్మ పర్మిషన్ ఇచ్చింది, ఒక్కోసారి తనూ వచ్చి కూర్చుంటుంది. చేసేది ఇంత. ఒకళ్ళు తమ లోపలి మాట పైకి చెప్తారు. మిగతావాళ్ళు దాని మీద ఎఫ్ఐఆర్ రాస్తారు. ఎవరన్నారు, ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు. చాలా మాటలకి నిందితుడు దొరుకుతాడు. దొరకనివీ ఉంటాయి, వాటిని ఊరికే వదిలేస్తాం. తర్వాత ఆ మాటకి జవాబు చెప్పాలి, తన పేరుకి "గారు" చేర్చి పిలుచుకుంటూ. మొదటి వారం నవ్వలేక చచ్చారు. ఒక పిల్ల, మా నాన్నని గారు అన్నది ఎలక్షన్ మైకులో తప్ప ఎప్పుడూ వినలేదు మేడమ్ అంది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

నేను గొప్పదాన్ని, నేను మహారాణిని లాంటివి మా వరండాలో నిషేధం. జరిగింది చెప్పాలి. లైబ్రరీ కౌంటర్ దగ్గర పుస్తకం నేనే అడిగి తీసుకున్నా. సెమినార్‌లో రెండు నిమిషాలు మాట్లాడా, మధ్యలో ఒకసారి ఆగిపోయా. ఆగిపోయింది కూడా చెప్పాలి. ఆ పైన వచ్చే వారానికి ఒక మాట ఇవ్వాలి, ఆ మాటకి తోడు ఎవరొస్తారో పేరు చెప్పాలి. ఆఫీసులో స్కాలర్‌షిప్ సంగతి కనుక్కోవడానికి ఒక్కతే పోతే క్లర్కు తల ఎత్తలేదు. ముగ్గురు కలిసి పోతే ఎత్తాడు.

ఆ చదువు మాట రాసిన పిల్ల ఇప్పుడు మా వరండాకి వస్తోంది. లోపలి గొంతు ఆగిందా అంటే ఆగలేదు. లెక్కల పేపరు ఒకటి ఇంకా బ్యాక్‌లాగ్ ఉంది. అయితే పరీక్ష హాల్లో ఆ గొంతు వినపడగానే, సారొచ్చాడు, కూర్చోండి సార్, నేను రాసుకోవాలి అంటోందట. ఆయన్ని మీరు అంటోంది, తనని నువ్వు అన్నవాడిని. ఈ పిల్ల నాకు వ్యాకరణం నేర్పుతోంది.

2006లో అమెరికాలో జెఫ్రీ కోహెన్, జూలియో గార్సియా బృందం ఏడో తరగతి పిల్లలతో ఇలాంటిదే ఒకటి చేసింది. నేను గొప్ప అని రాయించలేదు. నీకు విలువైనది ఏమిటి, అమ్మా, నాన్నా, స్నేహితులా, సంగీతమా, ఎందుకు అని పదిహేను నిమిషాలు రాయించారు. నల్లజాతి పిల్లల మార్కులు పెరిగి, తెల్లపిల్లలతో ఉన్న తేడా 40 శాతం దాకా తగ్గింది. తర్వాత వేరే చోట్ల చేసినప్పుడు అంత గట్టి ఫలితం రాలేదు కూడా. కాబట్టి దీన్నీ మంత్రం చెయ్యొద్దు. మా వరండా కూడా మందుల షాపు కాదు. నెలల తరబడి నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే, అది వరండాతో తీరేది కాదు, డాక్టరు కావాలి, మందులు కావాలి. టెలి మానస్ 14416 ప్రభుత్వ నంబరు, డబ్బులు అడగరు. ఈ నంబరు ఫోన్లో వేసుకోండి. మానసిక జబ్బుకి మందు వేసుకోవడం పిరికితనం అనే మన మిత్రుల్ని నా దగ్గరికి పంపండి.

ఇప్పుడు కాలేజీ యాజమాన్యాలకి, ప్రిన్సిపాళ్ళకి. ట్రైనర్‌ని పిలిచే ముందు మీ సొంత నోటిని ఒకసారి వినండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదని సర్టిఫికెట్లు ఆపి, పిల్లల్ని ఆఫీసు కిటికీ ముందు గంటలు నిలబెట్టి, అదే వారం వాళ్ళకి "నాకు అన్నీ దొరుకుతున్నాయి" అని జపం చేయిస్తారా? సిగ్గనిపించదా?

అన్నీ ఒకేసారి అడగను. ఒక్కటి అడుగుతాను, దీనికి రూపాయి ఖర్చు లేదు. క్లాసు నడుస్తుండగా అటెండరు తలుపు దగ్గరికొచ్చి, "ఎస్సీ ఎస్టీ పిల్లలు స్కాలర్‌షిప్ వేలిముద్రకి రండి" అని సర్క్యులర్ చదువుతాడు. ఆరుగురో ఏడుగురో లేస్తారు. మిగతా క్లాసు వాళ్ళని చూస్తుంది. తిరిగొచ్చి కూర్చున్నాక అదే క్లాసులో వాళ్ళకి టెస్టు పెడతారు. ఉత్తరప్రదేశ్‌లో ఆ పరిశోధకులు ప్రయోగం కోసం ఒక్కసారి చేసిన పని, మనం ప్రతి ఏడాది ప్రతి క్లాసులో జీతం తీసుకుని చేస్తున్నాం. ఇవాళ రేపు ప్రతి పిల్ల చేతిలో ఫోన్ ఉంది. ఎవరికి వాళ్ళకి మెసేజ్ పెట్టండి. హాల్ టికెట్ నంబర్లు మాత్రం నోటీసు బోర్డులో పెట్టండి. ఆ సర్క్యులర్ గట్టిగా చదవడం ఆపండి.

మా దగ్గర లెటర్ రాసి పెట్టాం, పదకొండు మంది లెక్చరర్లం సంతకాలు చేశాం. అందులో నలుగురు మన కులాలవాళ్ళు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు చూస్తానన్నారు. లెటర్ కాపీ కావాల్సినవాళ్ళు అడగండి, పంపిస్తాను. మీ కాలేజీలో ఆ సర్క్యులర్ ఎట్లా చదువుతున్నారో, ఎవరు చదువుతున్నారో రాయండి. కాలేజీ పేరు వద్దు, పిల్లల పేర్లు అసలు వద్దు.

వచ్చే ఆదివారం "మెరిట్" అనే మాట సంగతి చూద్దాం.

జై భీమ్.